ఫోన్‌లో డ్రయ్యర్ కనబడాలి, ఫోన్ నుంచి మారొద్దు: పీఎల్‌సీకి ‘రీడ్ ఓన్లీ’ హద్దు ఎక్కడ పెట్టాలి?

క్లుప్తంగా

మిల్లులోనో పంప్‌హౌస్‌లోనో యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటరే పీఎల్‌సీ. దాని నుంచి రీడింగులు బయటికి తీసుకోవడం ఇప్పుడు చాలా తేలిక. అయితే రీడింగులు బయటికొచ్చే దారిలోనే ఆర్డర్లు లోపలికి కూడా పోతాయి. డ్యాష్‌బోర్డులో మార్చే బటన్ లేకపోవడం ఒకటి, ఎవరు మార్చబోయినా పీఎల్‌సీ ఒప్పుకోకపోవడం ఇంకొకటి. రక్షణ ఉండేది రెండోదాంట్లోనే. ఆ హద్దును పీఎల్‌సీ లోపల పెట్టొచ్చు, దాని ముందు ఫైర్‌వాల్‌లో పెట్టొచ్చు, లేదా వైరింగే ఒకవైపు పోయేలా చేయొచ్చు. దేని లోటు దానికుంది.

ఈ ప్రశ్న ఇప్పుడే ఎందుకు వచ్చింది

కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల, హన్మకొండ వైపు పారాబాయిల్డ్ రైస్ మిల్లుల్లో బాయిలర్, నానబెట్టే ట్యాంకులు, డ్రయ్యర్, ఎలివేటర్లు అన్నీ ఒక ప్యానల్ మీదికి వచ్చాక ఆ ప్యానల్‌లో చిన్నదో పెద్దదో ఒక పీఎల్‌సీ ఉండటం మామూలైంది. మిల్లు ఓనర్ హన్మకొండలో ఉంటాడు, మిల్లు ముప్పై కిలోమీటర్ల అవతల ఉంటుంది, రాత్రి షిఫ్ట్‌లో డ్రయ్యర్ ఎంత వేడి మీద నడుస్తోందో ఫోన్‌లో చూసుకోవాలనుకుంటాడు. అందులో తప్పేం లేదు. ప్యానల్ చేసిచ్చినవాళ్లు ఒక సిమ్ రూటర్, పీఎల్‌సీ రీడింగులను ఇంటర్నెట్‌కు అందించే ఒక చిన్న గేట్‌వే పెట్టిపోతారు. మరుసటి రోజు నుంచి ఫోన్‌లో గ్రాఫ్ వస్తుంది, అందరికీ సంతోషం. ఆ రూటర్ అవతలి నుంచి ఎవరు ఏం చేయగలరో అడిగేవాళ్లు తక్కువ. వరంగల్ చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లులకైనా, ఊళ్లకు నీళ్లిచ్చే పంపులకైనా, కోల్డ్ స్టోరేజీలకైనా ఈ లెక్కే వర్తిస్తుంది.

పెద్ద ప్లాంట్ల సంగతి వేరు. 2,600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీ, చెల్పూరులోని 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ లాంటివి విద్యుత్ రంగం కిందికి వస్తాయి, వాటికి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021 అక్టోబర్‌లో ఇచ్చిన సైబర్ భద్రత మార్గదర్శకాలున్నాయి. ప్లాంటును నడిపే నెట్‌వర్క్‌ను ఇంటర్నెట్ తగిలే ఆఫీస్ నెట్‌వర్క్ నుంచి గట్టిగా విడదీయాలని అవి చెబుతాయి. కీలక వ్యవస్థల కోసం 2014లో ఏర్పడిన ఎన్‌సీఐఐపీసీ అనే జాతీయ సంస్థ కూడా ఉంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం దాడి జరిగితే ఆ సంగతి తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలి, ప్లాంట్లను దూరం నుంచి చూసి నడిపే స్కాడా వ్యవస్థల మీద దాడులు కూడా అందులో ఉన్నాయి. చిన్న మిల్లుకు మాత్రం ‘నీ పీఎల్‌సీ ఇలా ఉంది, ఇది మార్చుకో’ అని వచ్చి చెప్పే ఇన్‌స్పెక్టర్ ఎవరూ లేరు. అక్కడ హద్దు పెట్టాల్సింది ప్యానల్ చేసేవాడు, పెట్టమని అడగాల్సింది ఓనర్.

చదవడానికి, రాయడానికి మధ్య ఒక్క అంకె

పీఎల్‌సీలతో మాట్లాడే భాషల్లో అన్నిటికంటే ఎక్కువ కనబడేది మోడ్‌బస్. 1979లో మోడికాన్ కంపెనీ తన కంట్రోలర్ల కోసం చేసుకున్నది. అప్పుడు తీగ ప్యానల్ నుంచి ప్యానల్‌కు పోయేది, ఆ తీగ మీద అడిగేవాడు ఒక్కడే, వాడు తెలిసినవాడే. అందుకే అందులో పాస్‌వర్డ్ లేదు, నువ్వెవరు అని అడగడం లేదు. తర్వాత అదే భాషను ఈథర్‌నెట్ మీదికి ఎక్కించారు, 502 అనే పోర్టు ఇచ్చారు. భాష మాత్రం మారలేదు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. డ్రయ్యర్ గాలి వేడి సెట్‌పాయింట్, అంటే ఎంత వేడి ఉండాలని పెట్టిన విలువ, పీఎల్‌సీ మెమరీలో రిజిస్టర్ అనే గడిలో, 40021 నంబరు దాంట్లో ఉందనుకోండి. దాన్ని చదవాలంటే సీరియల్ లైన్ మీద పోయే సందేశం 01 03 00 14 00 01. మొదటి 01 అంటే స్టేషన్ నంబరు. తర్వాతి 03 అంటే ‘చదువు’. 00 14 ఆ రిజిస్టర్ చిరునామా, హెక్స్ (పదహారు ఆధారంగా ఉండే) లెక్కలో. చివరి 00 01 అంటే ఒక్క రిజిస్టర్ చాలు అని. దీని వెనక తప్పుల కోసం చూసుకునే రెండు బైట్లు ఉంటాయి, అంతే. ఇప్పుడు అదే రిజిస్టర్‌లోకి రాయాలంటే 01 06 00 14 04 10. మధ్యలో 03 పోయి 06 వచ్చింది, చివర్లో కొత్త విలువ వచ్చింది. 04 10 అంటే మన లెక్కలో 1040, ప్రోగ్రాంలో ఒక దశాంశం పెట్టి ఉంటే 104.0 డిగ్రీలు. అప్పటిదాకా 75 మీద నడుస్తున్న డ్రయ్యర్ ఇక 104 కోసం చూస్తుంది. ఉప్పుడు వడ్లు మొదటి విడతలో గట్టి వేడికి తట్టుకుంటాయి గానీ, తేమ బాగా దిగి 14 శాతం దగ్గరికి వస్తున్న చివరి విడతలో తొందరపెడితే గింజ లోపల పగులుతుంది, పాలిష్‌కు పోయేసరికి నూక అవుతుంది. మంట లేదు, పేలుడు లేదు, ప్యానల్ మీద ఎర్ర లైటు కూడా వెలగదు. లాట్ మొత్తం పోయాక గానీ తెలియదు.

ఈ సందేశాన్ని పంపింది ప్యానల్ మీద ఆపరేటర్ వాడే హెచ్‌ఎంఐ స్క్రీనా, గేట్‌వేనా, రూటర్ పాస్‌వర్డ్ పట్టుకున్న ఇంకెవరైనానా అన్నది పీఎల్‌సీకి తెలియదు, తెలుసుకునే ఏర్పాటు ఆ భాషలో లేదు.

డ్యాష్‌బోర్డులో ‘రీడ్ ఓన్లీ’ ఉంటే సరిపోదా?

ఎక్కువ గందరగోళం ఇక్కడే. సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లు ‘మాది రీడ్ ఓన్లీ సార్, మా యాప్‌లో మార్చే ఆప్షనే లేదు’ అంటారు. అది అబద్ధం కాదు, వాళ్ల యాప్ నిజంగానే చదివే సందేశాలు మాత్రమే పంపుతుంది. కానీ ఆ మాట పీఎల్‌సీ గురించి కాదు, యాప్ గురించి. గేట్‌వేలోకి ఇంకొకరు దూరితే వాళ్లు ఆ యాప్‌తో పని పెట్టుకోరు, సొంతంగా పది లైన్ల ప్రోగ్రాం రాసుకుని 06 పంపుతారు. పీఎల్‌సీ ఒప్పుకుంటుంది.

భూమి రికార్డు సంగతి చూడండి. ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు, పేరు మారాలంటే మాత్రం తహసీల్దార్ ఆఫీసుకే పోవాలి. ‘నేను చూడటానికే వచ్చా’ అని చూసేవాడు చెప్పే మాట మీద ఆ రికార్డు నిలబడి లేదు. పీఎల్‌సీ విషయంలోనూ హద్దు ఇచ్చేవాడి వైపు ఉండాలి, అడిగేవాడి వైపు కాదు. ఇక్కడి నుంచి చూడబోయే పద్ధతులన్నీ ఆ హద్దును ఇచ్చేవాడి వైపుకు జరపడం గురించే.

పీఎల్‌సీలోనే ఉన్న తాళాలు

కొత్త పీఎల్‌సీల్లో తాళాలు చాలానే ఉన్నాయి, పేర్లే కొంచెం మోసం చేస్తాయి. సీమెన్స్ ఎస్7-1200, ఎస్7-1500ల్లో నాలుగు మెట్ల రక్షణ ఉంటుంది: పూర్తి అనుమతి, చదివే అనుమతి, హెచ్‌ఎంఐ అనుమతి, ఏదీ లేకుండా మూసేయడం. ‘చదివే అనుమతి’ పెట్టేశాం, ఇక ఎవరూ రాయలేరు అనుకుంటారు. అది నిజం కాదు. పాస్‌వర్డ్ లేకుండా ప్రోగ్రాం డౌన్‌లోడ్ చేయకుండా అది ఆపుతుంది, హెచ్‌ఎంఐ దారిలో వచ్చి సెట్‌పాయింట్ మార్చేవాణ్ని ఆపదు. హెచ్‌ఎంఐ పనే సెట్‌పాయింట్లు మార్చడం కాబట్టి ఆ దారి తెరిచే ఉంచారు.

దాన్ని ఆపాలంటే ఇంకో చోటికి పోవాలి. విలువలు దాచే డేటా బ్లాక్ తెరిస్తే ఒక్కో ట్యాగ్ (పేరు పెట్టిన విలువ) పక్కన రెండు టిక్కులు కనబడతాయి, బయటి నుంచి కనబడాలా అని ఒకటి, బయటి నుంచి రాయొచ్చా అని ఇంకొకటి. రెండోదాన్ని తీసేస్తే ఆ ట్యాగ్ హెచ్‌ఎంఐకి, ఓపీసీ యూఏ అనే ఇంకో భాషలో అడిగేవాళ్లకు చదివేందుకు మాత్రమే. దీంతోపాటు పుట్/గెట్ అనే పాత పద్ధతి అనుమతి టిక్కు ఒకటుంది. కొత్త మోడళ్లలో అది మూసే వస్తుంది, ఎవరో ఒకరు ‘డేటా రావట్లేదు’ అని తెరుస్తారు. తెరిస్తే వచ్చేవాడు ఎవరని అడగకుండా చదవనిస్తుంది, రాయనిస్తుంది. మెమరీ బిట్లు, ఇన్‌పుట్ అవుట్‌పుట్లు, ఆప్టిమైజ్డ్ కాని డేటా బ్లాకులు అన్నీ ఆ దారిలో దొరుకుతాయి. పాత ఎస్7-300 ఇంకా నడుస్తున్న చోట ఆ టిక్కే లేదు, దారి తెరిచే ఉంటుంది.

అలెన్ బ్రాడ్లీ కంట్రోల్‌లాజిక్స్ వర్గంలో ఇది ఇంకొంచెం సూటిగా ఉంటుంది. ప్రతి ట్యాగ్‌కూ ‘ఎక్స్‌టర్నల్ యాక్సెస్’ అని ఒక గుణం: చదవడం రాయడం రెండూ, చదవడం మాత్రమే, ఏదీ లేదు. వీటి ముఖం మీద ఒక తాళంచెవి కూడా ఉంటుంది, రన్, రిమోట్, ప్రోగ్రాం అని మూడు స్థానాలు. చెవి రన్‌లో పెట్టి తీసేసుకుంటే ప్రోగ్రాం ఎవరూ మార్చలేరు, ట్యాగ్ విలువలు మాత్రం మారతాయి. అంటే చెవి ఒక్కటే చాలదు, గుణం ఒక్కటే చాలదు, రెండూ కావాలి. ఆ చెవి ఎంత ముఖ్యమో 2017లో సౌదీ అరేబియాలోని ఒక పెట్రోకెమికల్ ప్లాంట్‌లో తెలిసింది. ప్రమాదం వచ్చినప్పుడు ప్లాంటును ఆపాల్సిన ట్రైకోనెక్స్ సేఫ్టీ కంట్రోలర్ చెవి ప్రోగ్రాం స్థానంలోనే వదిలేశారు, ట్రైటన్ అని పేరుపడ్డ మాల్వేర్ ఆ సందులోంచి లోపలికి కోడ్ ఎక్కించింది. అది ఖరీదైన తాళం కాదు, తిప్పి జేబులో వేసుకుంటే అయిపోయేది.

మన దగ్గర చిన్న ప్యానళ్లలో కనబడే రకం పీఎల్‌సీల్లో ఇన్ని సౌకర్యాలు ఉండవు. అక్కడ ప్రోగ్రామర్లు వాడే ఒక ఉపాయం అద్దం బ్లాక్. అసలు విలువలున్న చోటును మోడ్‌బస్‌కు చూపించరు, వేరే ఒక బ్లాక్ పెట్టి ప్రతి స్కాన్‌లోనూ, అంటే ప్రోగ్రాం మొత్తం ఒకసారి నడిచిన ప్రతిసారీ, అసలు విలువలను అందులోకి కాపీ చేస్తారు, బయటివాళ్లకు ఆ కాపీనే ఇస్తారు. ఎవరైనా అందులోకి రాసినా తర్వాతి స్కాన్‌లో, అంటే కొన్ని మిల్లీసెకన్లలో, చెరిగిపోతుంది. కాపీ నుంచి అసలుకు వెనక్కి పోయే లైను ప్రోగ్రాంలో ఉండదు. ఎస్7-1200లో మోడ్‌బస్ సర్వర్‌కు ఏ బ్లాక్ చూపించాలో మనమే చెబుతాం కాబట్టి ఇది చక్కగా కుదురుతుంది.

డెల్టా డీవీపీ లాంటి వాటిలో మాత్రం కుదరదు. అక్కడ డీ రిజిస్టర్లన్నిటికీ మోడ్‌బస్ చిరునామాలు ముందే రాసిపెట్టి ఉంటాయి, డీ0 అంటే హెక్స్‌లో 1000 అని మాన్యువల్‌లోనే ఉంటుంది. అద్దం పెట్టినా వెనకున్న అసలు రిజిస్టర్ అందరికీ తెలిసిన చిరునామాలోనే కూర్చుని ఉంటుంది. అలాంటి పీఎల్‌సీకి తాళం బయటే వేయాలి.

మధ్యలో ఫైర్‌వాల్: ఏది చూస్తుంది, ఏది చూడదు

మామూలు ఫైర్‌వాల్ చిరునామా, పోర్టు చూస్తుంది. 502 పోర్టు తెరువు అంటే తెరుస్తుంది. చదివే సందేశమూ రాసే సందేశమూ రెండూ అదే పోర్టులో, అదే కనెక్షన్‌లో పోతాయి కాబట్టి దానికి తేడా తెలియదు. ‘ఫైర్‌వాల్ ఉంది కదా’ అనే భరోసా ఈ ఒక్క కారణంతో చాలాచోట్ల ఉత్తదే.

తేడా తెలియాలంటే సందేశం లోపలికి చూసే రకం కావాలి, పరిశ్రమల కోసం చేసే ఫైర్‌వాల్‌లలో ఈ సౌకర్యం ఉంటుంది. దానికి ఫంక్షన్ కోడ్ల వారీగా, అంటే పైన చూసిన 03, 06 లాంటి అంకెల వారీగా చెబుతారు. 1, 2, 3, 4 అన్నీ చదివేవి. 5, 6 ఒక్కో కాయిల్ (ఆన్/ఆఫ్ బిట్), ఒక్కో రిజిస్టర్ రాసేవి. 15, 16 ఒక్కసారే చాలా రాసేవి. చాలామంది ఈ నాలుగింటినీ ఆపి వదిలేస్తారు. 22 అనే కోడ్ రిజిస్టర్‌లో కొన్ని బిట్లను మాత్రమే మారుస్తుంది. 23 పేరులో ‘చదవడం, రాయడం’ రెండూ ఉంటాయి, నిజానికి అది ముందు రాసి తర్వాత చదువుతుంది. ష్నైడర్ పీఎల్‌సీల్లో 90 నంబరు కోడ్ కింద ప్రోగ్రామింగ్ మొత్తం నడుస్తుంది, పీఎల్‌సీని ఆపడం, నడపడం కూడా. కాబట్టి ఆపాల్సినవి ఏవో లిస్టు రాసుకోవడం తప్పు పద్ధతి. వదలాల్సినవి రాసి, మిగతావన్నీ ఆపాలి. డ్యాష్‌బోర్డుకు 3 ఒక్కటే కావాలంటే 3 ఒక్కటే వదలాలి, అదీ ఫలానా రిజిస్టర్ నుంచి ఫలానా రిజిస్టర్ వరకు అని హద్దు పెట్టి.

ఓపీసీ యూఏ వాడే చోట పని ఇంకా శుభ్రంగా ఉంటుంది, ఎందుకంటే అందులో యూజరు, సర్టిఫికెట్, ఒక్కో ట్యాగ్‌కు అనుమతి అన్నీ భాషలోనే ఉన్నాయి. అయితే పేరూ పాస్‌వర్డూ అడగకుండా ఎవరినైనా రానిచ్చే సెట్టింగ్ కూడా అందులో ఉంది, తొందరలో దాన్నే తెరిచిపెడితే మోడ్‌బస్‌కు, దానికి తేడా పెద్దగా మిగలదు.

తీగే ఒకవైపు పోతే

సాఫ్ట్‌వేర్ మీద నమ్మకం పెట్టుకోకుండా వైరింగ్‌తోనే హద్దు పెట్టే పద్ధతులున్నాయి. పెద్ద ప్లాంట్లలో వాడేది డేటా డయోడ్. ఆప్టికల్ ఫైబర్‌లో ఇటువైపు వెలుగు పంపే భాగం మాత్రమే, అటువైపు అందుకునే భాగం మాత్రమే ఉంటాయి, వెనక్కి పంపేందుకు అసలు లైటే ఉండదు. ఎంత తెలివైన మాల్వేర్ అయినా లేని లైటు వెలిగించలేదు. చిక్కేంటంటే మోడ్‌బస్ అడిగితే చెప్పే పద్ధతి, అడగడానికి వెనక్కి దారి కావాలి. అందుకని డయోడ్‌కు లోపలివైపు ఒక కంప్యూటర్ పీఎల్‌సీని అడిగి తీసుకుంటుంది, తీసుకున్నది అటు తోస్తుంది, అవతలివైపు ఇంకో కంప్యూటర్ పట్టుకుని డ్యాష్‌బోర్డుకు ఇస్తుంది. ఖర్చు మిల్లు స్థాయిది కాదు.

మిల్లు స్థాయిలో అదే పని చేసేవి రెండున్నాయి, వీటి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ గానీ నిజంగా పనికొచ్చేవి. పీఎల్‌సీకి, హెచ్‌ఎంఐకి మధ్య ఆర్ఎస్-485 సీరియల్ లైన్ ఉంటే హెచ్‌ఎంఐ ఎలాగూ సెకను సెకనుకూ అడుగుతూనే ఉంటుంది, పీఎల్‌సీ చెబుతూనే ఉంటుంది. ఆ లైన్ మీద వినడం మాత్రమే చేసే ఒక కన్వర్టర్‌ను కలిపి, దాని పంపే భాగాన్ని హార్డ్‌వేర్‌లోనే పని చేయకుండా కట్టేస్తే, ఆ మాటలన్నీ వింటూ గ్రాఫ్ గీయొచ్చు. పైగా మోడ్‌బస్ సీరియల్ లైన్ మీద అడిగేవాడు ఒక్కడే ఉండాలి, గేట్‌వే కూడా అడగడం మొదలుపెడితే ఇద్దరి మాటలూ గుద్దుకుని హెచ్‌ఎంఐలో కమ్యూనికేషన్ ఎర్రర్ వస్తుంది. వినేవాడితో ఆ తంటా లేదు. రెండోది ఇంకా పాతకాలపు దారి. ఉష్ణోగ్రత ట్రాన్స్‌మిటర్ నుంచి పీఎల్‌సీకి పోయే 4-20 మిల్లీయాంప్స్ సిగ్నల్‌ను ఒక ఐసోలేటర్‌తో రెండుగా చీల్చి, రెండో కాపీని వేరే లాగర్‌కు ఇవ్వడం. ఆ లాగర్‌ను ఎవరు స్వాధీనం చేసుకున్నా పీఎల్‌సీ దాకా పోయే తీగ లేదు. ఓనర్‌కు కావాల్సింది డ్రయ్యర్ వేడి, బాయిలర్ ప్రెషర్, కరెంటు యూనిట్లు ఈ మూడే అయితే పీఎల్‌సీని నెట్‌వర్క్‌కు కలపాల్సిన అవసరమే లేదు.

బయట జరిగిన వాటిలో ఇది దేన్ని ఆపేది?

రీడ్ ఓన్లీ హద్దు ఎంతవరకు పనికొస్తుందో తెలియాలంటే జరిగిన సంఘటనల మీద పెట్టి చూడాలి.

2024 జనవరిలో ఉక్రెయిన్‌లోని లివివ్ నగరంలో, గడ్డకట్టే చలిలో, 600కు పైగా అపార్ట్‌మెంట్ భవనాలకు వేడి నీళ్లు, హీటింగ్ దాదాపు రెండు రోజులు ఆగాయి. ఫ్రాస్టీగూప్ అని పేరు పెట్టిన మాల్వేర్ నేరుగా మోడ్‌బస్ సందేశాలు పంపింది, పైన చూసిన రకం సందేశాలే. ఆ నెట్‌వర్క్‌లోకి రూటర్ లోపం ద్వారా వచ్చారని డ్రాగోస్ అనే భద్రతా సంస్థ అదే ఏడాది జూలైలో వివరించింది. కంట్రోలర్ల ముందు ఫంక్షన్ కోడ్ చూసే ఫైర్‌వాల్ ఉంటే ఆ రాసే సందేశాలు అక్కడే ఆగేవి. మన సిమ్ రూటర్ మిల్లుకు దగ్గరగా ఉన్న ఉదాహరణ ఇదే.

2023 నవంబర్‌లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం అలిక్విప్పాలో నీటి సరఫరా బూస్టర్ స్టేషన్‌లో యూనిట్రానిక్స్ పీఎల్‌సీని పట్టుకున్నారు. ఆ రకం పీఎల్‌సీలు నేరుగా ఇంటర్నెట్‌కు తగిలించి ఉన్నాయి, ఫ్యాక్టరీ నుంచి వచ్చే పాస్‌వర్డ్ 1111. సిబ్బంది పంపులను మాన్యువల్‌కు మార్చుకుని నీళ్లు ఆగకుండా చూసుకున్నారు. ఇక్కడ రీడ్ ఓన్లీ కంటే ముందు పని ఇంకోటుంది, ప్రోగ్రామింగ్ పోర్టును ఇంటర్నెట్‌కు చూపించకపోవడం.

2021 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని ఓల్డ్స్‌మార్ నీటి శుద్ధి కేంద్రంలో సోడియం హైడ్రాక్సైడ్ సెట్‌పాయింట్ 100 పీపీఎం నుంచి 11,100కు పోయింది, ఆపరేటర్ వెంటనే చూసి తగ్గించాడు. మొదట రిమోట్ దాడి అన్నారు, ఉద్యోగి పొరపాటు కావచ్చని 2023లో అప్పటి సిటీ మేనేజర్ అన్నారు. ఏదైనా సరే, మార్పు జరిగింది రాసే హక్కున్న ఆపరేటర్ కంప్యూటర్ నుంచి, కాబట్టి రీడ్ ఓన్లీ ఫైర్‌వాల్ దాన్ని ఆపదు. ఆపగలిగేది పీఎల్‌సీ ప్రోగ్రాంలో పెట్టే గరిష్ఠ, కనిష్ఠ హద్దు. సెట్‌పాయింట్ ఎవరు ఏం రాసినా ఇంత దాటితే తీసుకోను అని రెండు లైన్ల లాడర్ ప్రోగ్రాం. డ్రయ్యర్‌కైనా అంతే, చివరి విడతకు 80 దాటకూడదనుకుంటే 104 అని వచ్చినా 80 దగ్గరే నిలబెట్టాలి. రాసే హక్కు ఎవరికో ఒకరికి ఎలాగూ ఉంటుంది కాబట్టి రీడ్ ఓన్లీకి జంటగా ఈ పని చేయకపోతే సగమే చేసినట్టు.

ఆస్ట్రేలియాలోని మరూచీ షైర్‌లో 2000 సంవత్సరంలో జరిగింది పాతదే గానీ మనకు దగ్గరి పాఠం. మురుగునీటి పంపుల కంట్రోల్ సిస్టమ్ పెట్టిన కంపెనీలో పనిచేసి మానేసిన వ్యక్తి రేడియో, ల్యాప్‌టాప్ పట్టుకుని పదే పదే ఆర్డర్లు పంపాడు, దాదాపు 8 లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకి, వాగుల్లోకి పోయింది. ప్యానల్ చేసిచ్చినవాళ్లు మారినా, వాళ్ల దగ్గర పనిచేసే కుర్రాడు మానేసినా, రిమోట్ పాస్‌వర్డ్ మాత్రం మారని చోట్లు ఎన్నో ఆలోచించుకోవాలి.

ఇక 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్. ఇరాన్ నతాంజ్ కేంద్రంలో అది ప్రోగ్రామింగ్ చేసే కంప్యూటర్‌లో దూరి, అక్కడి నుంచి పీఎల్‌సీలోకి పోయింది. ఇంజనీర్ ల్యాప్‌టాప్‌కు రాసే హక్కు ఉండి తీరాలి, దానికి రీడ్ ఓన్లీ పెట్టలేం. ఆ ల్యాప్‌టాప్ ఎవరిది, అందులో ఇంకేం పనులు చేస్తారు, ప్యానల్‌కు ఎప్పుడు తగిలిస్తారు అన్నది వేరే కథ, పీఎల్‌సీ సెట్టింగులతో తీరేది కాదు.

చదవడం వల్ల కూడా నష్టం ఉందా?

ఉంది, తక్కువే గానీ ఉంది. అడిగిన ప్రతిసారీ పీఎల్‌సీ తన స్కాన్ సమయంలోంచి కొంత ఇవ్వాలి. 9600 బాడ్ వేగంతో నడిచే సీరియల్ లైన్ మీద 100 రిజిస్టర్లు అడిగితే జవాబే 205 బైట్లు, పావు సెకను దాకా లైన్ దానికే సరిపోతుంది. ఈథర్‌నెట్ మీద ఇలాంటి ఇబ్బంది లేకపోయినా ఒకేసారి ఎన్ని కనెక్షన్లు అనేదానికి ప్రతి పీఎల్‌సీకీ లెక్కుంది, పాడైన గేట్‌వే పాత కనెక్షన్లు మూయకుండా కొత్తవి తెరుస్తూ పోతే చివరికి హెచ్‌ఎంఐకే చోటు దొరకదు. డ్రయ్యర్ వేడి నిమిషంలో పెద్దగా మారదు, పది సెకన్లకోసారి అడిగితే చాలు.

ఇంకో కోణం, చదివే అనుమతిలో ప్రోగ్రాం చదవడం కూడా కలిసి ఉండొచ్చు. పైన చెప్పిన సీమెన్స్ ‘చదివే అనుమతి’లో ప్రోగ్రాం మొత్తం ల్యాప్‌టాప్‌లోకి తీసుకోవచ్చు. తమ రెసిపీ, తమ టైమింగులు బయటికి పోవద్దనుకునేవాళ్లు హెచ్‌ఎంఐ అనుమతి మెట్టు దాకా దిగాలి.

అమలు చేస్తే ఏం ఆగుతుంది, ఎప్పుడు చేయాలి

హద్దు పెట్టాక మొదట వచ్చే ఫిర్యాదు ఫోన్ నుంచి మోటార్ ఆపలేకపోతున్నాం అని. నిజమే, ఇక ఆపలేరు. రాత్రి ఏదైనా తేడా కనబడితే ఓనర్ ఆపరేటర్‌కు ఫోన్ చేసి చెప్పాలి. మిల్లులో మనుషులు ఎలాగూ ఉంటారు కాబట్టి ఇది పెద్ద నష్టం కాదు. మనుషులే ఉండని పంప్‌హౌస్‌కు మాత్రం దూరం నుంచి ఆన్, ఆఫ్ కావాల్సిందే, అక్కడ ఆ రెండు కాయిళ్లకు మాత్రమే, ఒక్క చిరునామా నుంచి మాత్రమే అనుమతి ఇచ్చి మిగతా అంతా చదవడానికే ఉంచాలి. వెండర్ సర్వీసుకు కూడా దారి కావాలి. అది ఎప్పుడూ తెరిచి ఉండే రిమోట్ సాఫ్ట్‌వేర్ కాకుండా, వాళ్లు ఫోన్ చేసినప్పుడు ప్యానల్‌లో రూటర్ స్విచ్ వేసి, పని కాగానే తీసేయడం అయితే మేలు. స్విచ్ వేసేది మిల్లు మనిషి, వెండర్ కాదు.

మార్పులకు కాలం వానాకాలం వడ్లు అయిపోయి యాసంగి వడ్లు ఇంకా రాని మధ్య రోజులు. మిల్లు నడుస్తుండగా ట్యాగ్ టిక్కులు మార్చి డౌన్‌లోడ్ చేస్తే పీఎల్‌సీ ఒకసారి ఆగొచ్చు, డేటా బ్లాక్ మొదటి విలువలకు పోవచ్చు, సెట్‌పాయింట్లన్నీ మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు. పాత ప్రోగ్రాం, సెట్‌పాయింట్ల కాపీ ముందు తీసి పెట్టుకోవడం మరవొద్దు.

అయ్యాక పరీక్ష చేయాలి, ఇది దాదాపు ఎవరూ చేయరు. గేట్‌వే ఉన్న చోటే ల్యాప్‌టాప్ తగిలించి, ఉచితంగా దొరికే ఏదైనా మోడ్‌బస్ సాఫ్ట్‌వేర్‌తో ముందు చదవాలి, రావాలి. తర్వాత ప్రమాదం లేని ఒక ఖాళీ రిజిస్టర్‌లోకి రాసి చూడాలి. హద్దు పనిచేస్తుంటే జవాబులో 06 స్థానంలో 86 వస్తుంది, దాని వెనక తప్పు ఏంటో చెప్పే కోడ్ ఉంటుంది. ఫైర్‌వాల్ మధ్యలోనే మింగేస్తే ఏ జవాబూ రాదు. అద్దం బ్లాక్ అయితే రాసినట్టే చెబుతుంది గానీ మళ్లీ చదివితే పాత విలువే ఉంటుంది. 16తో, 23తో కూడా ఇదే చేసి చూడాలి. ప్యానల్‌వాళ్లు ఏదో చిన్న మార్పు కోసం వచ్చి తమ ల్యాప్‌టాప్‌లో ఉన్న పాత ప్రోగ్రాం డౌన్‌లోడ్ చేసి పోతే తీసేసిన టిక్కులన్నీ మళ్లీ వచ్చి కూర్చుంటాయి, అందుకే వాళ్లు వచ్చి పోయిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేసుకోవాలి.